గోధుమ పడని ఒళ్ళు: సీలియాక్ పరీక్షలు, ఆ తర్వాతి వంటిల్లు

గోధుమలాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉత్తరాది వాళ్ళకు వచ్చేదనీ, అన్నం తినే మనకు దానితో పని లేదనీ చాలామంది తెలుగువాళ్ళు అనుకుంటారు; నేను చూపించుకున్న డాక్టర్లలో కూడా ఆ మాట అన్నవారున్నారు. ఆ నమ్మకం వల్ల నా జబ్బు బయటపడడానికి ఏళ్ళు పట్టింది. బయటపడ్డాక అది తగ్గడానికి కూడా అదే నమ్మకం అడ్డం వచ్చింది. అందుకని పరీక్షలు ఎలా జరిగాయో, గ్లూటెన్ లేని తిండి మన వంటింట్లో ఎక్కడెక్కడ చిక్కులు పెడుతుందో కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది తూర్పు గోదావరిలో కాలువ గట్టున ఉండే పల్లె. చిన్నప్పుడు మా ఇంట్లో గోధుమ అంటే ఆదివారం పూట పూరీ, ఎప్పుడైనా ఉప్మా, వ్రతం నాడు ప్రసాదం, అంతే. ఉద్యోగం వచ్చి ఢిల్లీ చేరాక ఆ లెక్క తలకిందులైంది. పొద్దున బ్రెడ్డో పరాఠానో, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్‌లో రోటీలు, రాత్రికి వంటమనిషి చేసి వెళ్ళే ఫుల్కాలు. అన్నం సెలవు రోజు వంటగా మారిపోయింది. బాబు పుట్టిన తర్వాత నాకు నీరసం మొదలైంది. మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు, మానినట్టే మాని మళ్ళీ వచ్చే నోటిపూత, తిన్న గంటకల్లా కడుపుబ్బరం. విరేచనాలు అప్పుడప్పుడు మాత్రమే అయ్యేవి కాబట్టి వాటిని ఎవరూ పట్టించుకోలేదు. హిమోగ్లోబిన్ 7.9కి దిగింది. ఐరన్ మాత్రలు ఇచ్చారు, అవి పడకపోతే మార్చి ఇచ్చారు, ఎన్ని మింగినా అంకె కదలలేదు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందేమోనని స్కానింగులు తీశారు, ఏమీ కనబడలేదు. కడుపు సంగతి చెబితే గ్యాస్ అని మాత్రలు రాశారు. సీలియాక్ ఏమో చూస్తారా అని మా ఆఫీసులో ఒక పంజాబీ సహోద్యోగిని సలహా ఇస్తే, ఆ మాట నేను అడిగిన డాక్టరు నవ్వి, "మీరు ఆంధ్రా వాళ్ళు కదా, మీకెందుకు వస్తుంది?" అన్నారు. ఈలోగా ఊరి నుంచి అమ్మ బలానికని మాల్ట్ పొడి డబ్బాలు పంపేది. మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ, ఆ డబ్బాల్లో చాలావాటిలో గోధుమ కూడా ఉంటుంది. నీరసం పోవడానికని రోజూ రెండు పూటలా తాగినది కూడా ఆ నీరసానికి మూలమైన పదార్థమే.

చివరికి దారి చూపింది ఒక వయసు మళ్ళిన ఫిజీషియన్. ఆయన నా పాత కాగితాలన్నీ వరసగా పరిచి, ఐరన్ మాత్రలు ఇన్నాళ్ళు వేసుకున్నా రక్తం పెరగలేదంటే రెండే కారణాలుంటాయన్నారు: రక్తం ఎక్కడో పోతూ ఉండాలి, లేదా మింగిన ఐరన్ లోపలికి ఎక్కకుండా ఉండాలి. పోవడం లేదని పరీక్షలు చెప్పాయి కాబట్టి ఇక మిగిలింది రెండోది. మన ఇళ్ళలో తిన్నది ఒంటబట్టడం లేదు అంటామే, అది అక్షరాలా అదే. ఐరన్ ప్రధానంగా ఒంట్లోకి వెళ్ళేది జీర్ణాశయం దాటగానే వచ్చే చిన్నపేగు మొదటి భాగంలో, అంటే డుయోడినంలో. సీలియాక్ వ్యాధి ముందుగా దెబ్బతీసేది కూడా ఆ చోటునే. అందువల్ల పెద్దవాళ్ళలో విరేచనాలేవీ లేకుండా రక్తహీనత ఒక్కటే ఈ జబ్బుకు గుర్తుగా ఉండడం అరుదేమీ కాదని ఆయన వివరించారు.

రాసిన రక్తపరీక్షలు రెండు. మొదటిది టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేస్ ఐజీఏ, అందరూ టీటీజీ అంటారు. రెండోది ఒంట్లో మొత్తం ఐజీఏ ఎంత ఉందో చూసేది. రెండోది దేనికని అడిగాను. కొందరికి పుట్టుకతోనే ఐజీఏ అనే రక్షక ప్రోటీన్ తయారుకాదు, అలాంటివారికి సీలియాక్ ఉన్నా టీటీజీ మామూలుగానే వచ్చి జబ్బు లేదని భ్రమ కలిగిస్తుంది, కాబట్టి మొత్తం ఐజీఏ సరిపడా ఉంటేనే టీటీజీ అంకెను నమ్మాలి అన్నారు. ల్యాబుల వాళ్ళు ప్యాకేజీల్లో టీటీజీ ఒక్కటే పెట్టి ఇస్తుంటారు గనుక, ఈ పరీక్ష చేయించుకునేవాళ్ళు రెండోదాన్ని అడిగి మరీ రాయించుకోవడం మంచిది.

ఆయన ఇంకో మాట గట్టిగా చెప్పారు. పరీక్షలన్నీ పూర్తయ్యేదాకా గోధుమ మానకూడదు. టీటీజీ అనేది గ్లూటెన్ తింటున్నప్పుడు ఒళ్ళు తయారుచేసే యాంటీబాడీ. తినడం ఆపితే అది మెల్లగా తగ్గిపోతుంది, పేగు కూడా మానడం మొదలుపెడుతుంది, ఇక పరీక్షలో ఏమీ తేలదు. నాకు సలహా ఇచ్చిన సహోద్యోగిని చెల్లెలి విషయంలో అదే జరిగింది. ఎవరో చెప్పారని ముందే రోటీలు మానేసి, ఒళ్ళు తేలికపడ్డాక ల్యాబుకు వెళ్ళింది, రిపోర్టులో ఏమీ లేదు. మళ్ళీ వారాల తరబడి రోజూ గోధుమ తిని, ఆ బాధంతా పడి, అప్పుడు పరీక్ష చేయించుకోవలసి వచ్చింది. నేనైతే గొంతులోంచి గొట్టం వేసి పేగును చూసే ఎండోస్కోపీ అయ్యేవరకు ఫుల్కాలు తింటూనే ఉన్నాను. ఇవే నన్ను తినేస్తున్నాయేమో అనే అనుమానంతో ఒక్కొక్క ముద్దా మింగడం అంత సులువు కాదు.

ఐజీఏ మామూలుగానే ఉంది. టీటీజీ మాత్రం ఆ ల్యాబు గరిష్ఠ పరిమితికి పది రెట్లు దాటింది.

అన్నం తినే ప్రాంతం వాళ్ళకు ఈ జబ్బు ఎలా వస్తుంది అనే ప్రశ్నకు సమాధానం నాకు 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో దొరికింది. మన దేశ పరిశోధకులు ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23,331 మంది పెద్దవాళ్ళను పరీక్షించారు. సీలియాక్ యాంటీబాడీలు ఉత్తరాదిలో 1.23 శాతం మందిలో కనబడితే దక్షిణాదిలో 0.10 శాతం మందిలోనే కనబడ్డాయి. ఇంతవరకు చూస్తే నన్ను నవ్వి పంపిన డాక్టరు మాటే నిజమనిపిస్తుంది. కానీ ఈ జబ్బు రావడానికి ఉండవలసిన హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 జన్యువులు ఉత్తరాదిలో 38.1 శాతం మందికి ఉంటే దక్షిణాదిలో 36.4 శాతం మందికి ఉన్నాయి, అంటే పెద్ద తేడా లేదు. తేడా ఉన్నది కంచంలో. ఉత్తరాదిలో మనిషి రోజుకు తినే గోధుమ సగటున 455 గ్రాములు, దక్షిణాదిలో 25 గ్రాములు. జన్యువు ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, గోధుమ తిన్నవాళ్ళందరికీ కూడా రాదు. అయినా ఆ 25 గ్రాముల ఇంట్లో పుట్టి 455 గ్రాముల ఊరికి చేరిన నాలాంటివాళ్ళను దక్షిణాది లెక్కలో వేసి వదిలేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

టీటీజీ అంత ఎక్కువగా ఉన్నా పెద్దవాళ్ళలో పేగు నుంచి చిన్న ముక్కలు తీసి పరీక్షించే బయాప్సీతో నిర్ధారించుకోవడమే పద్ధతి అని గ్యాస్ట్రోఎంటరాలజిస్టు చెప్పారు, ఎందుకంటే జీవితాంతం తిండి మార్చుకోమని చెప్పే ముందు సందేహానికి తావు ఉండకూడదు. ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా వెళ్ళాను. గొంతులోకి మందు పిచికారీ చేశారు. చేదుగా ఉంది, నిమిషంలో నాలుక మొద్దుబారి, మింగుతున్నానో లేదో కూడా తెలియని స్థితి వచ్చింది. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, పళ్ళ మధ్య రంధ్రం ఉన్న ప్లాస్టిక్ బిళ్ళ పెట్టి, మత్తు తక్కువ మోతాదులోనే ఇచ్చారు. గొట్టం గొంతు దాటేటప్పుడు ఓకరింపు వచ్చిన మాట నిజం, ఆ తర్వాత ఉన్నది ఇబ్బందే తప్ప నొప్పి కాదు. పేగు లోపలి పొర నుంచి చిన్న చిన్న ముక్కలు తీస్తున్నప్పుడు నాకు ఏమీ తెలియలేదు, అక్కడ కోస్తే నొప్పి తెలిసే నరాలు ఉండవట. మామూలుగా డుయోడినం రెండో భాగం నుంచి కనీసం నాలుగు, మొదట్లో ఉండే బల్బు అనే చోటు నుంచి ఒకటో రెండో ముక్కలు తీస్తారు, ఎందుకంటే దెబ్బ అంతటా ఒకేలా ఉండదు, ఒక్క ముక్కే తీస్తే అది బాగున్న చోటు నుంచి రావచ్చు. అలా తీసినవాటిని ఫార్మలిన్ సీసాల్లో వేసి, పేరు రాసిన కాగితం అంటించి మావారి చేతికిచ్చి ల్యాబుకు పంపారు. గోరు కొన మీద నిలిచేంత లేని ఆ తెల్లటి తునకలను ఆయన వెలుతురుకెత్తి చూసి, "ఇంతేనా?" అన్నారు.

రిపోర్టులో మార్ష్ 3బి అని వచ్చింది, మార్ష్ అంటే పేగు ఎంత దెబ్బతిందో చెప్పే కొలమానం. చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు, దాని మీద విల్లై అనే సన్నని చేతివేళ్ళలాంటి పొడుగులు లక్షల కొద్దీ నిలబడి ఉంటాయి, తిన్న ఆహారంలోని సత్తువను పీల్చుకునేది వాటి ఉపరితలమే. నా పేగులో అవి చాలామటుకు కుంచించుకుపోయాయి. నిండు పైరు ఉండవలసిన మడిలో కోత తర్వాతి మోళ్ళు మిగిలినట్టు. గోధుమలోనూ బార్లీలోనూ రై అనే ధాన్యంలోనూ ఉండే గ్లూటెన్ జాతి ప్రోటీన్లు మన జీర్ణరసాలకు పూర్తిగా లొంగవు. జన్యువు ఉన్న కొందరిలో ఆ అరగని తునకలను చూసి రోగనిరోధక వ్యవస్థ శత్రువు వచ్చిందని భ్రమపడి, తన పేగు మీద తానే దాడి చేస్తుంది. కాబట్టి ఇది అలర్జీ కాదు, ఆటో ఇమ్యూన్ జబ్బు. దీనికి మందు ప్రస్తుతానికి తిండి ఒక్కటే. గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని స్థిరపరిచినవాడు విల్లెమ్ కారెల్ డిక్కె అనే డచ్ పిల్లల వైద్యుడు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువు వచ్చి బ్రెడ్డు దొరకనప్పుడు సీలియాక్ పిల్లల పరిస్థితి మెరుగుపడి, బ్రెడ్డు తిరిగి రాగానే వాళ్ళు మళ్ళీ జబ్బుపడడం ఆయన అనుమానానికి బలమిచ్చింది. 1950లో దాని మీదే పరిశోధనా గ్రంథం సమర్పించారు.

మన దేశంలో విల్లై దెబ్బతినడానికి ట్రాపికల్ స్ప్రూ అనే పేగు జబ్బు, జియార్డియా అనే పరాన్నజీవి లాంటి వేరే కారణాలు కూడా ఉంటాయి కాబట్టి బయాప్సీ ఒక్కటే చూసి తేల్చరు. టీటీజీ, బయాప్సీ, గ్లూటెన్ మానాక వచ్చే మార్పు, ఈ మూడూ కలిస్తేనే రోగనిర్ధారణ పూర్తయినట్టు. ఆ తర్వాత థైరాయిడ్, బి12, విటమిన్ డి, ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ కూడా చేయించారు. డి బాగా తక్కువగా ఉంది, ఎముకలు పలచబడడం మొదలైంది. ఐరన్ మాత్ర మీద నమ్మకం పెట్టుకోకుండా నరంలోకి ఎక్కించారు. పేగు మానేదాకా పాలు కూడా సరిగా అరగకపోవచ్చని, కొన్నాళ్ళు పాలు తగ్గించి పెరుగు తినమన్నారు.

ఫోన్‌లో అమ్మకు ఈ సంగతి చెబితే చాలాసేపు నమ్మలేదు. "అన్నం తిని పెరిగినదానివి, నీకు గోధుమ పడకపోవడమేమిటే? వాళ్ళు చెప్పడం, నువ్వు వినడం!" అంది. కాసేపాగి, "అయినా మనకేం లోటు, హాయిగా అన్నం తిను, పీడ విరగడైంది" అంది. నేనూ మొదట్లో అంతే ఊరట పడ్డాను. ఢిల్లీలో నాకు పరిచయమైన ఇతర సీలియాక్ రోగులు రోటీ లేని భోజనాన్ని ఊహించుకోలేక కన్నీళ్ళు పెట్టుకుంటుంటే, నాకు ఇడ్లీ, పెసరట్టు, అన్నం, పప్పు, రాగి సంకటి, జొన్నరొట్టె అన్నీ మిగిలే ఉన్నాయి. పిండివంటల్లో కూడా అరిసెలు, జంతికలు, చెక్కలు, సున్నుండలు, మినపప్పు తోపుతో చేసే పూర్ణం బూరెలు మనవే. పోయినవి బొబ్బట్లు, కజ్జికాయలు, గవ్వలు, సేమియా పాయసం, ఉప్మా. మా పాత తూర్పు గోదావరి జిల్లా లెక్కలో చెప్పాలంటే ఆత్రేయపురం పూతరేకులు నాతోనే ఉన్నాయి, తాపేశ్వరం కాజా వెళ్ళిపోయింది.

ఇంట్లో ముందుగా మారింది సామాను. చపాతీ పీట, కర్ర, పిండి జల్లెడ, గీతలు పడిన నాన్‌స్టిక్ పెనం, చెక్క గరిటెలు, వీటిలో ఇరుక్కున్న పిండి ఎంత తోమినా పూర్తిగా పోదు. మావారికీ బాబుకీ ఫుల్కాలు కావాలి కాబట్టి కొంతకాలం రెండు పెనాలు, రెండు జల్లెడలు పెట్టుకున్నాం. కానీ గోధుమ పిండి కలిపేటప్పుడు గాల్లో లేచే దుమ్ము పొయ్యి పక్కనున్న నా కూర గిన్నె మీద పడుతూనే ఉంటుంది. వంటమనిషికి ఎంత చెప్పినా ఒక గరిటె రెండు గిన్నెల్లోనూ తిరిగేది. చివరికి మావారే, నేను ఆఫీసులో తింటాను, ఇంట్లోకి గోధుమ పిండి వద్దు అన్నారు. మా అత్తయ్యగారికి ఈ ఏర్పాటు నచ్చడానికి సమయం పట్టింది. కోడలి కోసం కొడుకు రొట్టె మానడం ఏమిటని ఆవిడ బాధ. దాన్ని తప్పుపట్టను. జబ్బు పైకి కనబడేది కాకపోతే దాన్ని ఇంట్లోవాళ్ళు నమ్మడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి.

ఇంత చేసినా ఆరు నెలల తర్వాత చేయించిన టీటీజీ బాగా తగ్గింది గానీ మామూలు స్థాయికి రాలేదు. హిమోగ్లోబిన్ పెరిగింది, కడుపుబ్బరం మాత్రం వారంలో కొన్ని రోజులు వస్తూనే ఉంది. డైటీషియన్ నా ఆహార పట్టిక మొత్తం చదివి, ఎక్కడా తప్పు దొరక్క, "మీ తాలింపులో ఏమేం వేస్తారు?" అని అడిగింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ అన్నాను. ఇంటికి వెళ్ళి ఇంగువ డబ్బా ఫోటో పంపమంది. అరచేతిలో ఇమిడే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా అది. అడుగున, పసుపు మరక కింద, చీమ తలకాయలంత అక్షరాల్లో పదార్థాల వరస ఉంది: తినదగిన జిగురు, గోధుమ పిండి, ఇంగువ. అసలు ఇంగువ అంటే ఇరాన్, అఫ్ఘానిస్తాన్ ప్రాంతాల నుంచి వచ్చే ఒక మొక్క వేరు నుంచి కారే పాలు గట్టిపడిన పదార్థం. అది నేరుగా వాడలేనంత ఘాటుగా ఉంటుంది గనుక జిగురుతోనూ పిండితోనూ కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా కంపెనీల్లో గోధుమ పిండో మైదానో అయివుంటుంది. ముద్ద ఇంగువ అయితే స్వచ్ఛమనుకునే అమ్మ కోసం ఆ పెట్టె కూడా తిప్పి చూశాను. దాని మీదా గోధుమే.

చిటికెడు ఇంగువలో ఎంత గోధుమ ఉంటుందిలే అని మావారు అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ముప్ఫై గ్రాముల పిండితో చేసిన ఒక చపాతీలో సుమారు మూడు గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తిన్న సీలియాక్ రోగుల పేగు దెబ్బతిన్నట్టు 2007లో ఇటలీ పరిశోధకులు చూపించారు. అంటే ఒక చపాతీని అరవై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. ఒక చిటికెడు ఇంగువ అంత దూరం వెళ్ళదు, కానీ మన ఇంట్లో ఇంగువ ఒక చిటికెడుతో ఆగదు. చారులో పోపు, పప్పులో పోపు, మజ్జిగ పులుసులో పోపు, కందిపొడిలో, కరివేపాకు పొడిలో, పులిహోరలో, ఊరి నుంచి వచ్చిన మాగాయ జాడీలో, అన్నిటిలోనూ అదే. గోధుమను ఎవరూ గోధుమగా లెక్కపెట్టని చోట అది రోజంతా నా కంచంలోకి వస్తూ ఉంది. ఇప్పుడు బియ్యప్పిండితో కలిపిన ఇంగువ దొరుకుతోంది, పెట్టె మీద చదివి కొంటున్నాను. ఊరగాయలు మాత్రం ఇంగువ లేకుండా నాకు వేరే జాడీలో పెట్టి పంపమని అమ్మకు చెప్పాను. వెల్లుల్లి వేస్తే ఆ లోటు తెలియదని ఆవిడే కనిపెట్టింది.

ఇంగువ తర్వాత నేను ఇంట్లో ప్రతి వస్తువునూ అనుమానించడం నేర్చుకున్నాను. ఒంట్లో వేడి చేసినా, మూత్రం మంటగా ఉన్నా మన ఇళ్ళలో కాచి ఇచ్చే బార్లీ నీళ్ళు నాకు కుదరవు. రాగి బిస్కెట్ అని పెద్ద అక్షరాలతో రాసిన ప్యాకెట్‌లో మొదటి పదార్థం మైదా కావచ్చు. మల్టీగ్రెయిన్ పిండిలో సింహభాగం గోధుమే. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. ఓట్స్ స్వతహాగా వేరైనా మన దగ్గర గోధుమతో కలిసే తయారవుతాయి కాబట్టి వాటికి దూరంగా ఉండమన్నారు. చిరుధాన్యాలు మంచివే గానీ వాటిని పట్టించే మిల్లు మంచిదని చెప్పలేం. ముందు వచ్చినవాళ్ళ గోధుమలు ఆడించిన మరలోనే మన జొన్నలు పోస్తే మొదటి శేరు పిండిలో ఎంత గోధుమ కలుస్తుందో ఎవరూ కొలవరు. నేను జొన్నలు, రాగులు, బియ్యం గింజలుగా కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే చిన్న పిండి మర మీద పట్టుకుంటాను. ప్యాకెట్ కొనవలసి వస్తే గ్లూటెన్ రహితం అన్న మాట కోసం చూస్తాను. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం ఆ మాట రాయాలంటే కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదు. ఢిల్లీలో ఇంకో వెసులుబాటు ఉంది: నవరాత్రుల ఉపవాసాలకని కుట్టు అనే గింజల పిండి, సింఘాడా అనే నీటికాయ పిండి, సమా బియ్యమనే ఊదలు ప్రతి కిరాణా కొట్టులోనూ వచ్చి కూర్చుంటాయి. ఆ రోజుల్లో నా షాపింగ్ కూడా పండగలాగే ఉంటుంది, అయితే అవి కూడా ఎక్కడ పట్టారో తెలియని విడి పిండి అయితే తీసుకోను.

అన్నిటికంటే నాకు కష్టమనిపించింది ప్రసాదం. మా ఇంటి దైవం అన్నవరం సత్యనారాయణ స్వామి. అక్కడి ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు, ఇంట్లో వ్రతం చేసుకున్నా గోధుమ రవ్వే. ప్రసాదం తిరస్కరించకూడదన్నది ఆ వ్రతకథలోనే ఉన్న మాట. మేము ఇల్లు మారినప్పుడు వ్రతం పెట్టుకుంటే ఈ ఇబ్బంది పంతులుగారికి ముందే చెప్పాను. ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "గోధుమ లేకపోతే బియ్యప్పిండి అని కథలోనే ఉందమ్మా, పంచదార లేకపోతే బెల్లం అన్నట్టే. బియ్యపు రవ్వ వేయించి చేయండి, దోషం లేదు" అన్నారు. అలా చేసిన ప్రసాదం అత్తయ్యగారు కూడా కళ్ళకద్దుకుని తిన్నారు, ఆ తర్వాత మా ఇంట్లో ఆ వాదన మళ్ళీ రాలేదు. గుడికి వెళ్ళినప్పుడు మాత్రం ప్రసాదం రెండు చేతులా అందుకుని మావారికి ఇచ్చేస్తాను.

బయట తిండి విషయంలో నేను చాలామటుకు ఓడిపోయాననే చెప్పాలి. టిఫిన్ హోటల్లో ఇడ్లీ క్షేమమే అనిపిస్తుంది, కానీ సాంబారులో ఇంగువ ఉంటుంది. దోశ వేసే పెనం మీదే మైదా కలిపిన రవ్వ దోశ వేస్తారు, అట్లకాడ మారదు. మైసూరు బజ్జీ వేగిన నూనెలోనే గారెలు వేగుతాయి. ఇవన్నీ అడిగితే సర్వరు నన్ను ఒక తలతిక్క మనిషిలా చూస్తాడు. పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు తెల్లన్నం, నెయ్యి, పెరుగు, అరటిపండు వేయించుకుని పంక్తిలో కూర్చుంటాను. "ఏమ్మా, డైటింగా?" అనే పిన్నులకు సమాధానం చెప్పీ చెప్పీ, ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను. రైలు ప్రయాణానికి పెరుగన్నం, ఇంగువ లేని పులిహోర, వేయించిన అటుకులు నా సంచిలో ఉంటాయి.

ఏడాది దాటాక టీటీజీ మామూలు స్థాయికి వచ్చింది. హిమోగ్లోబిన్ 12 మీద నిలబడింది. తర్వాత తీసిన డెక్సాలో ఎముకలు కొంత కోలుకున్నట్టు కనబడింది. పెద్దవాళ్ళలో పేగు పూర్తిగా మానడానికి రెండేళ్ళు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుందని చెప్పారు కాబట్టి ఏటా రక్తపరీక్షలు చేయించుకుంటూ వస్తున్నాను.

సీలియాక్ ఉన్నవారి తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో, పిల్లల్లో కూడా అది ఉండే అవకాశం మిగతావారికంటే బాగా ఎక్కువ. అందుకని వాళ్ళకు లక్షణాలు లేకపోయినా టీటీజీ చేయించమంటారు. మా బాబుకు చేయించాం, ప్రస్తుతానికి లేదు. వాడికి జన్యు పరీక్షలో డీక్యూ2 ఉందని తేలింది గనుక కొన్నేళ్ళకొకసారి మళ్ళీ చూడాలి. ఆ జన్యువులు లేవని వస్తే ఇక ఆ బెంగ దాదాపు ఉండేది కాదు. అమ్మకు చేయిస్తే లేదని వచ్చింది. తమ్ముడు కాకినాడలో ఉంటాడు. వాడికి షుగర్ మొదలైనప్పటి నుంచి రాత్రి అన్నం మానేసి చపాతీలు తింటున్నాడు, మా ఊళ్ళో నలభై దాటినవాళ్ళున్న ఇళ్ళన్నిటిలోనూ ఇప్పుడు అదే అలవాటు. పరీక్ష చేయించుకోరా అంటే, "నాకేం అక్కా, రాయిలా ఉన్నాను" అంటాడు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాడి రక్తపరీక్ష కాగితాలు చూశాను, హిమోగ్లోబిన్ 10.5 ఉంది. మగవాడికి, నెలసరి కారణం చెప్పడానికి వీల్లేని మనిషికి, అది తక్కువే. నేను ఉండగానే ల్యాబు కుర్రాణ్ణి ఇంటికి పిలిపించి, టీటీజీతో పాటు మొత్తం ఐజీఏ కూడా రాయించి, రక్తం తీయించాను. రిపోర్టు చేతికి వచ్చేదాకా చపాతీలు మానవద్దని మరదలికి మరీ మరీ చెప్పి ఢిల్లీ రైలెక్కాను.